హౌరా వంతెనను ఎచ్చట నిలిచి చూడవలెను?

విద్యా విహారయాత్రలో కలకత్తా చూచి వచ్చిన విద్యార్థులను హౌరా వంతెన చూచినారా అని అడిగినచో, చూచినామని అందరును చెప్పుదురు. ఆ వంతెనకు నది మధ్య ఎన్ని స్తంభములున్నవని అడిగినచో మాత్రము జవాబులు పలు విధములుగా వచ్చును. ఒకరు నాలుగందురు, మరొకరు ఆరందురు. నిజమునకు నది మధ్య ఒక్క స్తంభము కూడ లేదు. ఆ వంతెన విశేషమంతయు అందులోనే ఉన్నది. బస్సు కిటికీ ప్రక్కన కూర్చుండి దానిని దాటిపోయిన వారికి ఈ సంగతి తెలియకపోవుటలో వింత లేదు. వంతెన మీద ఉన్నవానికి ఇనుప దూలములు కనబడును గాని వంతెన కనబడదు.

హౌరా వంతెనను ఏదో ఒక చోట నిలిచి చూచిన చాలదు. ఒక్కొక్క చోటు దాని ఒక్కొక్క అంగమును చూపును. ఆ సమయమున సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడన్నది కూడ గమనింపవలెను. దీనికంతటికి ఒక పగలు చాలును. యాత్రా కార్యక్రమమును నిర్ణయించు కమిటీ పెద్దలు ఆ ఒక్క పగటిని మిగిల్చి ఇచ్చినచో, మన విద్యార్థులు భౌతికశాస్త్రము, చరిత్ర, భూగోళము మూడింటిని ఒకే నదీతీరమున చదువగలరు.

ముందుగా కొంత చరిత్ర. ఉర్దూ విద్యార్థులకు కలకత్తా అనగానే ఫోర్ట్ విలియం కళాశాల, మీర్ అమ్మన్, పింఛను వ్యవహారము మీద 1828లో అక్కడికి చేరిన మీర్జా గాలిబ్ జ్ఞప్తికి వత్తురు. గాలిబ్ అచ్చట ఉన్న కాలమున ఈ హుగ్లీ నదిని దాటుటకు పడవలే దిక్కు. తరువాత 1874లో బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ అను ఇంజనీరు రూపకల్పనతో తేలుడు వంతెన వచ్చినది. అది 1528 అడుగుల పొడవు కలది. ఓడలు పోవుటకై మధ్యలో 200 అడుగుల భాగమును తప్పించుచుండిరి. అంతసేపు బండ్లును, మనుష్యులును ఇరు ఒడ్డుల కాచుకొని ఉండవలసినదే. హౌరా స్టేషను పెరిగి, రద్దీ పెరిగిన కొలది ఈ ఏర్పాటు చాలక పోయినది. స్థిరమైన వంతెనను కట్టవలెనన్నచో నదిలో స్తంభములు వేయవలెను గదా! హుగ్లీ ఆటుపోటులు గల నది, ఒండ్రు మోయు నది. స్తంభములు అడ్డు వచ్చినచో ప్రవాహము మందగించి, ఒండ్రు పేరుకొని, ఓడలకు లోతు చాలదను భయము ఉండినది. 1921లో రాజేంద్రనాథ్ ముఖర్జీ అధ్యక్షతన ఇంజనీర్ల సంఘమొకటి ఈ విషయమును పరిశీలించినది. నిర్మాణము మాత్రము 1936లో గాని మొదలు కాలేదు.

పని సాగుచుండగనే ప్రపంచయుద్ధము వచ్చి ఇంగ్లండు ఉక్కుకు అంతరాయము కలిగినది. వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటా వారి కర్మాగారము నుండి వచ్చినవి. 1942 డిసెంబరులో కలకత్తాపై జపాను విమానములు బాంబులు వేసినవి. అందుచేత 1943 ఫిబ్రవరిలో వంతెనను తెరచునపుడు వేడుక ఏమియు జరుపలేదు. ఆ సంవత్సరమే వంగదేశమున ఘోరమైన కరువు వచ్చినది. 1965లో దీనికి రవీంద్ర సేతువని పేరు పెట్టినారు గాని జనము నోట హౌరా వంతెన అను మాటయే నిలిచినది.

ఇక నిర్మాణము. మన ఇండ్ల కిటికీలపై సజ్జా ఉండును గదా. దాని ముందు కొసకు ఆధారము లేదు. గోడలోనికి చొచ్చుకొని పోయిన వెనుక భాగమును గోడ బరువు అదిమి పట్టుట చేత అది నిలుచుచున్నది. ఇంజనీర్లు కాంటిలీవర్ అనునది ఇదే. హౌరా వంతెన అట్టి రెండు పెద్ద సజ్జాలను రెండు ఒడ్డుల నుండి ఎదురెదురుగా నది మీదికి చాచినట్టిది. ఒక్కొక్క ఒడ్డున 280 అడుగుల ఎత్తు గోపురము ఉన్నది. ఇది మన చార్మినారు కన్న దాదాపు ఒకటిన్నర రెట్లు. గోపురము నుండి నది వైపు 468 అడుగుల చేయి, నేల వైపు 325 అడుగుల చేయి చాచి ఉన్నవి. నేల వైపు చేతిని క్రిందికి లాగి బంధించినారు. నది వైపు చేతుల రెండు కొసల నడుమ 564 అడుగుల భాగమును కూర్చినారు. అన్నియు కూడినచో గోపురమునకు గోపురమునకు నడుమ 1500 అడుగులు, అనగా 457 మీటర్లు. మనము నడుచు దారి సైతము దూలముల మీద పరచినది కాదు. 39 జతల ఉక్కు కడ్డీలతో ఉట్టి వలె పైనుండి వ్రేలాడదీసినది. కాంటిలీవర్ అను మాటను పుస్తకములో పదిమార్లు వల్లించుట కన్న, ఈ ఉట్టిని ఒక్కమారు సరియైన చోట నిలిచి చూచుట మేలు.

ఉదయమున మొదలు పెట్టవలసిన చోటు కలకత్తా ఒడ్డున, వంతెన పాదమున దక్షిణపు వైపున ఉన్న మల్లిక్ ఘాట్. కాలిబాట నుండి మెట్లు దిగినచో ఆసియాలోని పెద్ద పూలసంతలలో ఒకటిగా చెప్పబడునది ఎదురగును. బంతిపూల దండలు మోకులవలె చుట్టలు చుట్టి తలలపై మోసుకొని పోవుచుందురు. త్రోవ ఇరుకు, నేల బురద, తొందర ఎక్కువ. నలుబది మంది విద్యార్థులు ఒక్కటిగా నిలిచినచో అక్కడివారి బేరములకు అడ్డము. పదిమంది చొప్పున పోవుట మర్యాద. సంతను దాటి నీటి మెట్ల వద్దకు పోయినచో గోపురము దాదాపు తలమీద నిలిచినట్లుండును. ఈ చోటు వంతెన పొడవును చూపదు, ఎత్తును చూపును. తూర్పు నుండి వచ్చు ఉదయపు ఎండ మన వెనుక ఉండుట వలన దూలములు, వాని అతుకులు, రివెట్ల వరుసలు విడివిడిగా తెలియును. ఈ మహానిర్మాణమును నట్లు, బోల్టులతో గాక రివెట్లతో అతికినారు. మన తరములో రివెట్లు కొట్టుట అరుదైనది గనుక వానిని దగ్గరగా చూచుట అవసరము.

అక్కడి నుండి మరల పైకెక్కి కాలిబాట మీద హౌరా వైపు నడువవలెను. ఇది వంతెనను చూచుటకు కాదు, దాని అవయవమును తాకి చూచుటకు. వ్రేలాడు కడ్డీలు దారి అంచున దిగువ దూలమును చేరు చోట ప్రతి కడ్డీకి ఉక్కు తొడుగు ఉండును. నీరు అతుకులోనికి దిగకుండుటకై దానిని అమర్చినారు. 2011లో పరీక్షించినపుడు, 2007లో 6 మిల్లీమీటర్లు ఉన్న ఆ తొడుగుల మందము 3 మిల్లీమీటర్లకు లోపుగా అరిగినట్లు తేలినది. కారణము వరదయు కాదు, బాంబులును కాదు. దారిన పోవువారు ఉమ్మివేసిన తాంబూలపు రసము! అందులోని సున్నము, తక్కిన ద్రవ్యములు ఉక్కును తినివేసినవి. పిమ్మట ఫైబర్‌గ్లాసు కవచములు తొడుగుటకు పూనుకొన్నారు. రసాయనశాస్త్ర విద్యార్థులు లోహముల తుప్పును గూర్చి పరీక్షలో వ్రాయుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు. నడుచునపుడు ఒక ప్రక్కగా నడువవలెను. బరువు మోయువారికి దారి ఇచ్చి నిలుచుట వేరే చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నమునకు హౌరా ఒడ్డు. స్టేషను ఎదుటనే లాంచీల రేవు ఉన్నది. మన వైపు నుండి పోవు రైళ్ళలో కొన్ని హౌరాకును, కొన్ని షాలిమారునకును చేరును. హౌరాలో దిగినవారికి ఈ రేవు నాలుగడుగులే. కాని రైలు దిగగనే మూటాముల్లెలతో చూచు చూపు చూపు కాదు. బసకు పోయి, ఎండ పడమటికి తిరిగిన పిదప మరల రావలెను. అప్పుడు నైఋతి నుండి పడు వెలుతురులో వంతెన దక్షిణపు ముఖము అంతయు ప్రకాశించును. రెండు గోపురములు, నాలుగు చేతులు, నడిమి భాగము ఒక్క పటములో వలె కనబడును. పైన చెప్పిన కొలతలను కాగితము మీద వ్రాసికొని పోయి, ఏది ఎచ్చట మొదలై ఎచ్చట ముగియుచున్నదో గుర్తింపుడు. ఒక్క చోటునే చూచుటకు వ్యవధి ఉన్నదన్నచో ఈ రేవునే ఎన్నుకొనుడని నా సలహా.

అయితే ఆ రేవు నుండియే మరొక్క పని చేయవచ్చును. ఉత్తరముగా అహిరీటోలా, శోభాబజార్, బాగ్‌బజార్ ఘాట్లకు పోవు లాంచీ ఎక్కినచో అది వంతెన క్రిందుగా పోవును. టిక్కెట్టు కొద్ది రూపాయలే. తల పైకెత్తినచో అడ్డుదూలములు, వానిని పట్టిన కడ్డీలు, పైన పోవు బస్సుల చప్పుడు. ఇటు చూచినను అటు చూచినను స్తంభము లేదు, ఉన్నది నీరే. వ్యాసారంభమున నేను అడిగిన ప్రశ్నకు సమాధానము అక్కడ ఎవరును చెప్పనక్కరలేకుండగనే తెలియును. 2024 మార్చి నుండి మెట్రో రైలు ఈ నదికి అడుగుననే సొరంగములో పోవుచున్నది. అది కూడ చూడదగిన వింతయే. తొందర ఉన్నవారు దానిలో పోదురు గాని, వారికి నదియు లేదు, వంతెనయు లేదు.

సాయంకాలమున మల్లిక్ ఘాట్‌కు కొంచెము దక్షిణముగా ఉన్న ఆర్మేనియన్ ఘాట్ మంచిది. సూర్యుడు హౌరా వెనుకకు దిగును గనుక దూలముల వివరము తెలియదు. నల్లని ఆకారము మాత్రము ఆకాశము మీద గీసినట్లు నిలుచును. చిత్రలేఖనమునందు ఆసక్తి గలవారు ఈ వేళను విడువరాదు. చీకటి పడిన పిదప రంగుల దీపములు వెలుగును. 2020 జనవరిలో కొత్త దీపాలంకరణ ఏర్పాటైనది. జనము దానిని మెచ్చుకొందురు. నాకు మాత్రము ఆ రంగులలో వంతెన ఎముకల కూర్పు మరుగున పడినట్లు తోచును.

ఉదయపు సంతకును మధ్యాహ్నపు రేవుకును నడుమ వ్యవధిలో 1926లో పునాదిరాయి వేసిన నఖోదా మసీదును చూడవచ్చును. అది కలకత్తా ఒడ్డున నడకదూరములోనే ఉన్నది. యాత్ర శుక్రవారము పడినచో జుహర్ వేళకు అక్కడ ఉండునట్లు కార్యక్రమమును అమర్చుట అనుకూలము.

మరునాడు గంట వ్యవధి ఉన్నచో దక్షిణమున ప్రిన్సెప్ ఘాట్‌కు పోవలెను. అక్కడ తలమీదుగా 1992లో తెరచిన విద్యాసాగర్ సేతువు పోవును. దాని నడిమి భాగపు పొడవు కూడ 457 మీటర్లే. హౌరాలో ఆ దూరమును ఉక్కు చేతులు మోసినవి, ఇక్కడ రెండు ఎత్తైన స్తంభముల నుండి దిగిన తీగలు మోయుచున్నవి. ఒకే కొలత, ఒకే నది, నడుమ సుమారు 50 సంవత్సరములు. రెండింటిని ఒకే కాగితము మీద ఒకదాని క్రింద ఒకటిగా గీచి, ఏ భాగము లాగబడుచున్నదో, ఏ భాగము నొక్కబడుచున్నదో బాణపు గుర్తులతో చూపి తీసికొని వచ్చినచో, అదియే యాత్రా నివేదికలో మొదటి పుట కాగలదు.