కూత నిలుపుకొను విద్య

సింధనూరు క్యాంపు నుండి

చిరంజీవి నాయనకు పెదనాన్న దీవించి వ్రాయునది.

తాలూకా కబడ్డీ పోటీలనాటి యుదయమున నీ పిల్లవాడు అన్నము ముట్టక, కడుపునొప్పియని మంచము పట్టెననియు, భయపడకుమని నీవెంత చెప్పినను వాని చేతుల చెమట ఆఱలేదనియు వ్రాసితివి. నాయనా, ఆ మాట చెప్పుట మానుము. అది విన్న బిడ్డకు మొదటి భయముపై, తాను భయపడుచున్నాననెడు రెండవ భయము చేరును. గుండె వేగముగ కొట్టుకొనుట దేహము పనికి సన్నద్ధమగుటయేయని వానికి తెలుపుము.

కబడ్డీ తన భయమునకు తానే మందిచ్చు నాట. కూతకు వెళ్లినవాడు 30 సెకన్లలోపల, కూత తెగనీయక, ఎదిరిపక్షమువారిని తాకి తిరిగి రావలెను. కూతయన నిదానముగ విడుచు దీర్ఘనిశ్వాసమే; అది గుండెవడిని తగ్గించును. కావున దినమును సాయంకాలము తుంగభద్ర ఎడమగట్టు కాలువపై వానితో నడచుచు కూత పట్టింపుము. పిదప మీ వాకిట గీత గీసి ఇంటివారి యెదుట, అటుపై క్యాంపు పిల్లల యెదుట, తుదకు పెద్దల యెదుట ఆడింపుము. నారుమడికి నీరు పెట్టునపుడు తూము ఒక్కమాఱుగ ఎత్తివేయుదుమా?

బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు కథయు చెప్పుము. 2016 రియో ఒలింపిక్సుకు ముందు, మృదుస్వభావయైన ఆమెను గురువు పుల్లెల గోపీచంద్ అందఱి యెదుట కోర్టు నడుమ నిలిపి, బిగ్గరగ అఱచువఱకు రాకెట్టు ముట్టవలదని కట్టడి చేయగా, ఆమె కన్నీరు పెట్టుకొనెనట. గొంతు పెగిలిన పిదపను ఓటములు తప్పలేదు. రియోలో రజతమే దక్కెను. 2017 గ్లాస్గో ప్రపంచపోటీల తుదియాటలో 110 నిమిషములు పోరాడి జపాను క్రీడాకారిణి ఒకుహరాకును, మఱుసటియేడు స్పెయిను క్రీడాకారిణి మారిన్‌కును ఓడెను. 2019లో బాసెల్ నగరమున ఆ యొకుహరానే 21-7, 21-7తో గెలిచి ప్రపంచవిజేత యయ్యెను. అయితే యువతియైన శిష్యురాలికి గురువు పెట్టిన పరీక్షను పదేండ్ల పసివానికి తండ్రి పెట్టరాదు. ఓడిన పిదప మరల గీత దాటుటను మాత్రమే ఆమెనుండి వాడు నేర్చుకొనవలెను.

ఇక నొకమాట ఇన్నాళ్లు దాచితిని. నీకును పదేండ్ల యీడున, జాతరపోటీలో నీవు కూతకు వెళ్లినపుడు, "మన యింటిపేరు నిలుపరా!" యని గీత వెలుపలనుండి కేకవేసినవాడను నేనే. నీవు తలత్రిప్పి నా మొగము చూచితివి, కూత తెగెను. ఆ యేటినుండి నీవు బరిలో దిగలేదు. నీ కొడుకు చూచుచున్నది ఎదుటి జట్టునో, నీ మొగమునో ఒకసారి కనిపెట్టుము. ఆట ముగిసిన పిదప గెలుపోటముల ప్రసక్తి తేక, ఎవని పట్టు గట్టిదని మాత్రము వానినడుగుము. వాడే తక్కినది చెప్పును.

వచ్చు పోటీకి నేనును వచ్చెదను. నన్ను కట్టకడపటి వరుసలో కూర్చుండబెట్టి, నోటినిండ తాంబూలము పెట్టుము.

ఇట్లు,
నీ పెదనాన్న