టీకాస్: బెంగళూరు మీద తప్పిన ఢీ

కుప్పం విమానాశ్రయం ప్రతిపాదనలో రామకుప్పం, శాంతిపురం మండలాల భూములున్నాయి. అందుకే ఇటువైపు పోటీ పరీక్షల అభ్యర్థులు విమానయానం బిట్లు వదిలేయకూడదు.

2018 జులై 10న బెంగళూరు గగనతలంలో రెండు ఇండిగో విమానాలు ఎదురుపడ్డాయి. ఒకటి కోయంబత్తూరు నుంచి హైదరాబాద్‌కు, రెండోది బెంగళూరు నుంచి కొచ్చికి వెళుతోంది. రెండింట్లో కలిపి 328 మంది. ఎత్తులో తేడా 200 అడుగులకు పడిపోయింది, ఉండాల్సింది 1,000. విమానంలోని ఢీ నివారణ వ్యవస్థ టీకాస్ మోగడంతో పైలట్లు తప్పుకున్నారు.

టీకాస్‌కు నేలమీది రాడార్‌తో పనిలేదు. అవతలి విమానం ట్రాన్స్‌పాండర్‌ను పలకరించి, జవాబును బట్టి దూరం, ఎత్తు లెక్కగడుతుంది. మొదట ‘ట్రాఫిక్, ట్రాఫిక్’ అంటుంది. ఇది టీఏ (ట్రాఫిక్ అడ్వైజరీ), అంటే చూసుకోమని. ముప్పు ముదిరితే రిజల్యూషన్ అడ్వైజరీ, అంటే ఆర్‌ఏ వస్తుంది: ఒకరికి ‘క్లైంబ్’, ఇంకొకరికి ‘డిసెండ్’. కుడికో ఎడమకో తిరగమని మాత్రం ఎప్పుడూ చెప్పదు. పరీక్షలో తికమక పెట్టే ఆప్షన్ ఇదే.

ఏటీసీ (నేలమీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఒకటి, ఆర్‌ఏ ఇంకొకటి చెబితే ఆర్‌ఏ మాటే వినాలి. 2002 జులై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ వద్ద టీకాస్ ఎక్కమంటుంటే రష్యా విమానం ఏటీసీ చెప్పినట్టు దిగి ఇంకో విమానాన్ని ఢీకొంది; 71 మంది చనిపోయారు. మన దగ్గర గుర్తుంచుకోవాల్సింది చర్ఖీ దాద్రి: హరియాణా, 1996 నవంబర్ 12, సౌదీ, కజకిస్తాన్ విమానాల ఢీ, 349 మంది మృతి, లాహోటీ విచారణ. మన దేశంలో టీకాస్ తప్పనిసరి అయింది ఆ తర్వాతే.

నేలకు సుమారు 1,000 అడుగుల లోపు ఆర్‌ఏలు రావు. టీకాస్ ఉన్నా కంట్రోలర్ల అప్రమత్తత అవసరమే: 2022 జనవరిలో బెంగళూరులో పక్కపక్క రన్‌వేల నుంచి ఒకేసారి లేచిన రెండు విమానాలను రాడార్ కంట్రోలరే గమనించి దారి మళ్లించారు.