సుజాతకు పెద్దమ్మ ఉత్తరం

చి. ల. సౌ. సుజాతకు,

ఫోన్‌లో చెబితే లెక్కలు గుర్తుండవని రాస్తున్నాను. ఏడాదికి 29,000 పౌండ్ల జీతం చూపిస్తేగానీ అల్లుడికి బ్రిటన్ స్పౌస్ వీసా రాదని ఎవరో అన్నారట, నువ్వు రెండో ఉద్యోగం వెతుకుతున్నావట. ఆ ఆలోచన మానుకో తల్లీ. వారానికి మూడు రోజులు పనిచేసొచ్చేసరికే నడుం పట్టేసి, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతున్నావు.

29,000 అన్నమాట నిజమే. 2012లో 18,600తో మొదలుపెట్టి, 2024 ఏప్రిల్ 11 నుంచి అంతకు పెంచారు. కానీ నీకు పిప్, అంటే ఒళ్లు సహకరించనివాళ్లకిచ్చే డిసేబిలిటీ అలవెన్స్, వస్తోంది. పిప్, డీఎల్ఏ, అటెండెన్స్ అలవెన్స్, కేరర్స్ అలవెన్స్ లాంటివి అందుకునేవాళ్లు భర్తనో భార్యనో పిలిపించుకుంటే ఆ గీత పెట్టరు. ఉన్నదాంతో ఇద్దరికీ గడుస్తుందా అన్నదే చూస్తారు. పన్నులు పోను చేతికొచ్చేదాంట్లోంచి ఇంటి ఖర్చు తీసేస్తే, మిగిలింది ఇన్‌కమ్ సపోర్ట్ కింద ఒక జంటకిచ్చే మొత్తానికి తగ్గకూడదు. 2025 ఏప్రిల్ రేటు ప్రకారం అది వారానికి 144.65 పౌండ్లు.

నీ జీతం వారానికి 215. పిప్ రెండు భాగాలూ కలిపి 151. మొత్తం 366. అద్దె, కౌన్సిల్ టాక్స్ 190 పోగా 176 మిగులుతోంది. సరిపోయింది కదా!

పిప్‌ను ఆదాయంగా చూపడానికి నామోషీ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎందుకమ్మా? డిసేబిలిటీ అలవెన్స్ సంసారం లెక్కలోకి వస్తుందని 2007లోనే ఒక సోమాలియా కుటుంబం కేసులో ఇమిగ్రేషన్ ట్రిబ్యునల్ తేల్చింది. ఒళ్లు సహకరించనివాళ్లకీ కాపురం చేసుకునే హక్కుంది, ఇందులో ఎవరి దయా లేదు. నా కోపమల్లా పిప్ అడిగినా దొరకనివాళ్లకు జరిగేదాని గురించే. అదే నొప్పితో బతుకుతూ, యూనివర్సల్ క్రెడిట్ ఒక్కటే అందుతుంటే, వాళ్లకీ ఆ 29,000 గీతే. ఇది అన్యాయం.

అందుకే నీ పిప్ జాగ్రత్త. లెటర్‌లో అది ఎప్పటిదాకా ఉందో చూడు. రివ్యూ ఫారం వస్తే పక్కన పడెయ్యకు, బాగున్న రోజుని కాదు, బాగోలేని రోజుని రాయి. రెండున్నరేళ్లకి అల్లుడి వీసా పొడిగించేటప్పుడు మళ్లీ ఇదే లెక్క చూస్తారు. అప్పటికి పిప్ ఆగిపోయి ఉంటే 29,000 దగ్గరికే వచ్చిపడతాం. ఒకవేళ కోసేస్తే ఊరుకోకు, పునఃపరిశీలన అడుగు, కాదంటే ట్రిబ్యునల్‌కి వెళ్దాం.

మీ మామగారు నీ ఖాతాలో పది లక్షలు చూపించడానికి చేబదులు తెస్తానన్నారట. వద్దని చెప్పు, అప్పు సొమ్ము పొదుపు కిందికి రాదు. నిజంగా సాయం చేస్తానంటే వీసా ఫీజుకీ, హెల్త్ సర్‌చార్జికీ ఇమ్మను. సర్‌చార్జే ఏడాదికి 1,035, మొదటి వీసాకి మూడేళ్లది ముందే కట్టాలి. పిప్ ఉందని దాంట్లో తగ్గింపు లేదు.

అల్లుడొచ్చాక అతని పేరు మీద ఏ అలవెన్సూ అడగకూడదు. నీ పిప్ నీకు వస్తూనే ఉంటుంది. అతన్ని గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లి టీబీ పరీక్ష చేయించుకోమను, ఇంగ్లిష్ పరీక్షకీ తేదీ తీసుకోమను.

పిప్ లెటర్ కనిపించకపోతే రేపే పిప్ ఇచ్చే డీడబ్ల్యూపీకి ఫోన్ చేసి కాపీ అడుగు. ఆదివారం వస్తాను. పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం తీసి ఉంచు, కూర్చుని ఫారం నింపేద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ