ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్లాట్ బుక్ చేసే ముందు ఫోన్‌తో నేర్చుకోవాల్సిన పాఠాలు

ఎప్పుడూ ఫోన్ కెమెరాల గురించి రాసే నేను ఇవాళ ఇంకాస్త పెద్ద కెమెరా గురించి చెప్తాను. అదే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి నానో మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ల కోసం ఈ పాఠం.

నాచుపల్లిలో, సిరిసిల్లలో మనకు జేఎన్‌టీయూ కాలేజీలు ఉన్నాయి. పెద్ద మైక్రోస్కోపులకు మాత్రం సాధారణంగా హైదరాబాద్ యూనివర్సిటీ, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ లాంటి చోట్లకు వెళ్లాలి. 2020 జనవరిలో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ పరికరం ఎక్కడుందో వెతుక్కోవచ్చు. దొరికే స్లాట్ కొన్ని గంటలే. శాంపిల్ సరిగ్గా లేకపోతే ఫీజు, బస్సు చార్జీ, రోజు అన్నీ పోతాయి. మెషీన్ దగ్గర ఆపరేటర్ ఉంటారు, కానీ శాంపిల్ బాధ్యత మీదే.

ముందు స్పెక్స్ చూద్దాం

• మామూలు లైట్ మైక్రోస్కోప్: సుమారు 200 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈ హద్దును 1873లో ఎర్నెస్ట్ అబ్బే చెప్పాడు.
• ఎస్‌ఈఎం: పైపొర చూపిస్తుంది. సాధారణంగా 1 నుంచి 30 కిలోవోల్టులు.
• టీఈఎం: శాంపిల్ లోపలి నుంచి ఎలక్ట్రాన్లను పంపుతుంది. 200 కిలోవోల్టుల దగ్గర వాటి తరంగదైర్ఘ్యం సుమారు 0.0025 నానోమీటర్లు. మంచి మెషీన్‌లో అణువరుసలు కనిపిస్తాయి. శాంపిల్ మందం 100 నానోమీటర్ల లోపు ఉండాలి.

పాఠం 1: జూమ్‌ని నమ్మొద్దు

ఫోన్‌లో 100ఎక్స్ డిజిటల్ జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుంది, కొత్త వివరం రాదు. ఇక్కడా అంతే. "50,000 రెట్లు" అని రాసిన ఫోటోను ప్రొజెక్టర్ మీద వేస్తే ఆ అంకెకు అర్థం లేదు. స్కేల్ బార్ మాత్రం ఫోటోతో పాటే పెరుగుతుంది. థీసిస్‌లో దాన్నే నమ్మండి.

పాఠం 2: కొలత ఇంట్లోనే

మీ ఫోన్‌కు క్లిప్ లెన్స్ పెట్టి, ఇంకో ఫోన్ తెల్ల స్క్రీన్‌ను ఫోటో తీయండి. అది 400 పీపీఐ అయితే 25.4 మిల్లీమీటర్లను 400తో భాగించండి. పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య 63.5 మైక్రోమీటర్లు. అడ్డ వరుసలో ఆకుపచ్చ చుక్కల మధ్య పది ఖాళీలు లెక్కపెడితే 635. జూమ్, ఫోకస్ మార్చకుండా సిరిసిల్ల పాలిస్టర్ దారాన్ని కూడా తీయండి. ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఆ 635ను స్కేల్‌గా ఇచ్చి దారం మందం కొలవండి. రేపు ఎస్‌ఈఎం ఫోటోల మీద చేసేదీ ఇదే పని.

పాఠం 3: మన ఊరి శాంపిళ్లు మూడు

సిరిసిల్ల దారం: కరెంటు పారదు కాబట్టి ఎలక్ట్రాన్లు పేరుకుని బొమ్మ తెల్లబడి జరిగిపోతుంది. అందుకే పలచగా బంగారు పూత వేస్తారు, లేదా వోల్టేజీ తగ్గిస్తారు. జాగ్రత్త, ఆ పూతలోనూ నానో రేణువులుంటాయి. వాటిని మీ మెటీరియల్ అనుకోవద్దు!

జగిత్యాల వరి ఊక బూడిద: ఎక్కువ భాగం సిలికా. రేణువులు ముద్దకడతాయి. చిటికెడు పొడిని ఇథనాల్‌లో వేసి, అల్ట్రాసోనిక్ బాత్‌లో విడదీసి, ఒక్క చుక్క 3 మిల్లీమీటర్ల గ్రిడ్ మీద ఆరబెట్టాలి. ద్రవం లేతగా మసకబారితే చాలు, చిక్కగా ఉంటే టీఈఎంలో నల్లటి ముద్దే కనిపిస్తుంది.

కోరుట్ల పసుపు: తేమ, నూనె ఉంటాయి. వ్యాక్యూమ్‌లో అవి ఆవిరై ఛాంబర్‌ను పాడుచేస్తాయి, కాబట్టి ఆరబెట్టకుండా తీసుకెళ్లొద్దు. పైగా ఎలక్ట్రాన్ కిరణానికి ఇలాంటివి మాడిపోతాయి. ఒకేచోట రెండు ఫోటోలు తీసి పోల్చండి. ఆకారం మారితే అది కిరణం చేసిన పని.

నా వెర్డిక్ట్

బాగొచ్చిన ఒక్క నైట్ ఫోటో పెట్టి "కెమెరా సూపర్" అని నేను రాస్తే మీరు ఒప్పుకోరు కదా? నానో రేణువులకూ అదే రూల్. అందమైన గుండ్రటి రేణువు ఒక్కటి దొరికితే ఆగొద్దు. గ్రిడ్ మీద వేర్వేరు చోట్ల, తక్కువ జూమ్ నుంచి ఎక్కువకు వెళ్తూ ఫోటోలు తీయండి. వందల రేణువులు కొలిచి సగటుతో పాటు హెచ్చుతగ్గులూ రాయండి. వోల్టేజీ, పూత, శాంపిల్ తయారీ నోట్‌బుక్‌లో ఉండాలి. బటన్లు నొక్కడం కొన్ని రోజుల్లో వచ్చేస్తుంది. కనిపించిందాన్ని అనుమానించడం నేర్చుకున్నప్పుడే ట్రైనింగ్ పూర్తయినట్టు. దానికి స్లాట్ అక్కర్లేదు, ఇవాళే ఫోన్‌తో మొదలుపెట్టండి.