పేలాల గిన్నెలో నెయ్యి: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: పిల్లలకు సినిమాహాలు రుచి కావాలని ఇంట్లోనే పాప్‌కార్న్ చేశాను. గిన్నెలో వెన్న వేస్తే గింజలు పేలకముందే మాడిపోయి ఇల్లంతా కమురు వాసన. శెనక్కాయ నూనెతో మాడలేదు గానీ ఆ కమ్మదనం రాలేదు. నెయ్యి కూడా వెన్నలాగే మాడుతుందా? ఎంత వేయాలి, ఎలా చేయాలి?
- ఒక గృహిణి, ఏర్పేడు

సమాధానం: నెయ్యి మాడదమ్మా. వెన్నలో మాడేది కొవ్వు కాదు. వెన్నలో ఆరో వంతు దాకా నీరు, దాంతోపాటు కాస్త పాల పదార్థం ఉంటాయి. ఈ పాల పదార్థం 150 డిగ్రీలు దాటితే ఎర్రబడి, ఆ తర్వాత నల్లబడుతుంది. మొక్కజొన్న గింజ పేలాలంటే 180 డిగ్రీల వేడి అందాలి. అంటే గింజ పేలే వేళకు వెన్న మాడి తీరుతుంది.

వెన్న కాచేటప్పుడు చిటపటలాడి, కాసేపటికి సద్దుమణుగుతుంది కదా! అప్పటికి నీరంతా ఆవిరైపోయి, పాల పదార్థం మడ్డిగా అడుక్కి దిగుతుంది. దాన్ని వడకట్టాక మిగిలింది దాదాపు పూర్తిగా కొవ్వే. 230 డిగ్రీలు దాటితే గానీ అది పొగ చిమ్మదు. కాబట్టి మడ్డి లేని నెయ్యి వాడండి. డబ్బా అడుగున పేరుకున్న గోధుమరంగు నలుసులు గరిటెతో పాటు వచ్చేస్తే మళ్లీ వెన్న కథే. మునగాకో తమలపాకో వేసి కాచిన నెయ్యి అయితే ఆకు తునకలు కూడా తీసేయండి.

మందపాటి అడుగున్న గిన్నెలో అరకప్పు గింజలకు రెండు టేబుల్ స్పూన్ల నెయ్యి చాలు. నెయ్యి కరిగాక మూడు నాలుగు గింజలు వేసి, మూత పెట్టి, మధ్యస్థంగా మంట ఉంచండి. అవి పేలితే వేడి సరిపోయినట్టే. మిగతా గింజలన్నీ పోసి, ఒకసారి కుదిపి, గిన్నెను దించి అర నిమిషం పక్కన పెట్టండి. చాలామంది ఈ పని చేయరు. కానీ పాప్‌కార్న్ బాగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది. ఈ అర నిమిషంలో గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి, ఆ తర్వాత ఇంచుమించు ఒక్కసారే పేలతాయి. ముందు పేలినవి మాడిపోవడం, వెనకబడ్డవి రాళ్లలా మిగిలిపోవడం తగ్గుతుంది.

మళ్లీ పొయ్యి మీద పెట్టి, మూతను ఒక పక్క సన్నగా తెరిచి, గిన్నె కుదుపుతూ ఉండండి. ఆవిరికి దారి లేకపోతే పువ్వు పంటికింద సాగుతుంది, కరకరలాడదు. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య రెండు మూడు సెకన్ల ఎడం వస్తే స్టవ్ ఆపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి పోసేయండి.

ఉప్పు సంగతి. నేతిలో నీరు లేదు కనుక ఉప్పు కరగదు. గరుకుగా ఉంటే అంతా పళ్లెం అడుక్కి చేరుతుంది. తడి లేని మిక్సీలో పిండిలా పట్టి చల్లండి, పువ్వుకు అంటిన నెయ్యే దాన్ని పట్టుకుంటుంది. పసుపు ముందే నేతిలో వేయొచ్చు, కారం మాత్రం దించాకే. బొరుగుల్లోకి వేసుకునే పప్పుల పొడి ఇంట్లో ఉంటే వేడిమీద ఓ చెంచా చల్లి చూడండి. మన సీమ నోటికి దీన్ని మించిన మసాలా లేదు.

ప్రశ్న: కుక్కర్‌లో చేయొచ్చా?
- శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: చేయొచ్చు. గాస్కెట్టు, విజిలు రెండూ తీసేసి, మూతను బిగించకుండా ఊరికే పైన బోర్లించండి. బిగించి మాత్రం ఎప్పుడూ చేయకండి. పువ్వు ఎగిరి ఆవిరి రంధ్రానికి అడ్డుపడితే ప్రమాదం.

ప్రశ్న: ఏర్పేడులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఇండక్షన్ పొయ్యి మీద పాప్‌కార్న్ చేసుకుంటాం. గింజ అంత ఎత్తు ఎందుకు ఎగురుతుంది? 'టప్' మనే శబ్దం పెంకు పగిలినందుకేనా?
- ఒక విద్యార్థి

సమాధానం: గింజ బరువులో దాదాపు 14 శాతం నీరు ఉంటుంది. గట్టి పెంకు ఆ నీటిని బయటికి పోనివ్వదు. వేడెక్కేకొద్దీ లోపల ఆవిరి ఒత్తిడి వాతావరణ పీడనానికి తొమ్మిది, పది రెట్లకు చేరుతుంది. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో ఉండేది రెండు రెట్లే. 180 డిగ్రీల దగ్గర పెంకు ఓడిపోతుంది. అప్పటికే మెత్తబడ్డ పిండిపదార్థం నురగలా పొంగి, చల్లబడి పువ్వులా గట్టిపడుతుంది.

దీన్ని ఫ్రాన్స్‌లో ఎమాన్యుయెల్ విరో, అలెగ్జాండర్ పొనొమరెంకో అనే శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాతో, మైకుతో పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. పెంకు చిట్లిన చోట నుంచి పిండి ముందుగా కాలులా బయటికి పొడుచుకొచ్చి గిన్నె అడుగును తంతుంది. ఆ ఊపుకే గింజ గెంతుతుంది. శబ్దం మాత్రం పెంకు పగిలినందుకు కాదట, లోపలి ఆవిరి ఒక్కసారిగా బయటపడినందుకని తేల్చారు. నెయ్యి, గింజలు, కుదురైన ఫోన్ కెమెరా మీ దగ్గరున్నాయి కదా, స్లో మోషన్‌లో తీసి చూడండి నాయనా. గాజు మూత మాత్రం తీయొద్దు.

ప్రశ్న: మా చేలో పండిన మొక్కజొన్న బాగా ఎండబెట్టి నేతిలో వేసినా పేలడం లేదు. దుకాణంలో కొన్నవి నిరుడు బాగా పేలాయి, ఈ ఎండాకాలం సగం గింజలు అట్లాగే ఉండిపోయాయి. లోపం నేతిదా?
- ఏర్పేడు మండలం నుంచి ఒక రైతు

సమాధానం: నెయ్యి తప్పేమీ లేదండీ. దాణాకూ పిండికీ పండించే మొక్కజొన్నలో మెత్తని పిండి ఎక్కువ, ఒత్తిడిని నిలబెట్టేంత బిగువు పెంకుకు ఉండదు. ఆవిరి ముందే జారుకుంటుంది. పేలేది చిన్న గింజ, గట్టి పెంకు, గాజులాంటి లోపలి పిండి ఉన్న వేరే రకం. మన దేశంలో అంబర్ పాప్‌కార్న్, వీఎల్ అంబర్ పాప్‌కార్న్ అలాంటివే. పండించాలనుకుంటే విత్తనం ఆ పేరుతోనే అడిగి తీసుకోండి.

ఇక కొన్న గింజల సంగతి. మన ఎండలకు సంచిలో వదులుగా ఉన్న గింజ లోపలి నీరు కోల్పోతుంది. అరకిలో గింజలను సీసాలో పోసి, ఒక టేబుల్ స్పూను నీళ్లు చల్లి, మూత బిగించి, అప్పుడప్పుడూ కుదుపుతూ రెండు మూడు రోజులు ఉంచండి. చాలావరకు మళ్లీ పేలతాయి. ఆ తర్వాత గాలి చొరని డబ్బాలో దాచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, అందులోని పొడిగాలి గింజను ఇంకా ఎండగడుతుంది.

ప్రశ్న: మా అవ్వ తొలి ఏకాదశికి జొన్నపేలాలు వేయించేటప్పుడు చుక్క నెయ్యి కూడా తగలనిచ్చేది కాదు. మరి పాప్‌కార్న్‌కు నెయ్యి ఎందుకు? కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు తినొచ్చా?
- తిరుపతి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీ అవ్వ చేసింది సరైన పనే. జొన్నగింజ చిన్నది, పొడి మూకుడు వేడే దానికి చాలు. పైగా ఆ పేలాలను దంచి, బెల్లం కలిపి పిండి చేస్తాం, ముందే నెయ్యి తగిలితే దంచడం కష్టం. మొక్కజొన్న గింజ పెద్దది, గిన్నెకు ఆనేది ఒక మూలే. వేడిని అన్ని వైపులా చేర్చడానికి కొవ్వు కావాలి.

నేతిలో సగానికి పైగా సంతృప్త కొవ్వే. చెంచాడు (5 గ్రాములు) నేతికి 45 కేలరీలు. అదే నెయ్యి లేకుండా పేల్చిన పాప్‌కార్న్ కప్పు నిండా తిన్నా 30 కేలరీలే, పీచు కూడా దండిగా ఉంటుంది. అందుకే పేల్చడానికి వేసిన నెయ్యి చాలు, దించాక పైన మళ్లీ పోయకండి. కొలెస్ట్రాల్‌కు మందులు వాడేవారు డాక్టరు చెప్పిన నూనెతోనే చేసుకోవడం మేలు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం ఏ రూపంలోనూ పెట్టకండి, పువ్వయినా పేలని గింజయినా గొంతుకు అడ్డుపడుతుంది. పెద్ద పిల్లలకు కూడా పేలని గింజలు ఏరేసి, కూర్చోబెట్టి పెట్టండి.