గడ్డపు తొండ: పెంపకము, అవగాహన

"తొండ ముదిరితే ఊసరవెల్లి" అన్నది తెలుగునాట వాడుకలో ఉన్న సామెత. జీవశాస్త్రము మాత్రము దీనిని అంగీకరించదు. తొండ ఎంత ముదిరినా తొండయే. ఊసరవెల్లి వేరొక కుటుంబమునకు చెందిన ప్రాణి. అయితే మన తొండకు నిజమైన చుట్టమొకటి ఆస్ట్రేలియాలో ఉన్నది. ఆంగ్లమున 'బియర్డెడ్ డ్రాగన్' అని పిలువబడే ఆ జీవిని మనము గడ్డపు తొండ అనవచ్చును. ఇవి రెండును అగామిడే అనే ఒకే కుటుంబమునకు చెందినవి. నేడు అనేక దేశములలో ఇంటింట పెంచబడుతున్న ఈ సరీసృపమును గురించి కొంత తెలిసికొందము.

పెంపకమునకు ఎక్కువగా ఎన్నుకొనే జాతి పేరు 'పోగోనా విట్టిసెప్స్'. గ్రీకు భాషలో 'పోగోన్' అనగా గడ్డము. ఆస్ట్రేలియా లోతట్టు మెట్టభూములు దీని నివాసము. తోకతో కలిపి 45 నుండి 60 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. బెదిరినప్పుడు ముళ్లవంటి పొలుసులు గల గొంతును ఉబ్బించి నల్లబరచుకొంటుంది. అదియే దాని గడ్డము. చక్కగా పోషించినచో దాదాపు పదేండ్లు జీవిస్తుంది.

సరీసృపములను శీతల రక్త జంతువులనుట పరిపాటి. ఈ మాట మనలను కొంత పొరపాటున పడవేస్తుంది. ఎండ కాచుకొన్న గడ్డపు తొండ దేహము సుమారు 35 డిగ్రీల వేడికి చేరుతుంది; అది మన దేహపు వేడికి దగ్గరిదే. భేదమెక్కడనగా, మన వేడి మనము తినే ఆహారము నుండి పుట్టగా, దాని వేడి సూర్యుని నుండి రావలెను. కావున పెట్టెలో ఒక కొనను సుమారు 40 డిగ్రీలు, రెండవ కొనను 25 డిగ్రీలు ఉండునట్లు అమర్చవలెను. అంతటా చల్లగా ఉన్నచో తిన్నది జీర్ణము కాదు. అంతటా వేడిగా ఉన్నచో తప్పించుకొను చోటు లేక ప్రాణమునకే ముప్పు.

వేడి ఒక్కటియే చాలదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు సోకినప్పుడే చర్మమున డి విటమిను తయారై, కాల్షియము ఎముకలకు అందుతుంది. కిటికీ అద్దము ఈ కిరణములను చాలవరకు అడ్డగిస్తుంది. అందువలన ప్రత్యేక దీపము అవసరము. అది పైకి వెలుగుచున్నను కొన్ని నెలలకు దాని కిరణముల శక్తి క్షీణిస్తుంది. ఈ సంగతి తెలియనివారి ఇంట, కడుపునిండా తినుచున్న ప్రాణికే ఎముకలు మెత్తబడి, దవడ వంగి, కాళ్లు వణకుతాయి. ఇక్కడ లోపించినది ప్రేమ కాదు, జ్ఞానము.

పిల్లలకు కీటకములు, పెద్దవాటికి ఆకుకూరలు ఎక్కువగా పెట్టవలెను. మిణుగురు పురుగు మాత్రము వీటికి విషము. ఒక్కటి తిన్నను మరణించవచ్చును. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వీటినుండి మనుష్యులకు సోకును గనుక, తాకిన పిదప చేతులు కడుగుకొనుట తప్పనిసరి.

ఈ మూగజీవికి భాష లేకపోలేదు. తల వేగముగా ఊపుట అధికారమును చాటుట. ముందరి కాలిని మెల్లగా గాలిలో త్రిప్పుట లొంగుబాటును తెలుపుట. రెండు మగవాటిని ఒకేచోట ఉంచినచో పోరు తప్పదు. మరొక వింత యేమనగా, గ్రుడ్లు 32 డిగ్రీలకు మించిన వేడిలో పొదుగబడినచో, పుట్టుకచే మగవి కావలసిన పిల్లలు కొన్ని ఆడవియై, తిరిగి గ్రుడ్లు పెట్టగలవు. అడవిలోనూ ఇట్లు జరుగుతున్నదని 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

చిన్ననాట మేమును గోడమీది తొండ తల ఊపినచో, మమ్ము వెక్కిరిస్తున్నదని రాళ్లు రువ్వినవారమే. అది తన చోటును చాటుకొంటున్నదని అప్పుడు ఎరుగము. విద్యార్థులారా! ఏ ప్రాణినైనను పెట్టెలో ఉంచదలచినవాడు దానికి సూర్యుడు తానే కావలెను. అంతటి బాధ్యత వహింపలేనివారికి మన ఆవరణలోని గోడ ఉన్నది, తొండ ఉన్నది. రాయి క్రిందపెట్టి కొంతసేపు దానిని గమనించుట చాలును, అదియు చదువే.