కల్యాణ ఘటనలు – శరణుల యుద్ధనీతి

శరణుడు ఆయుధము పట్టవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారు క్రీ.శ. 1167 ప్రాంతమున కల్యాణ నగరమున జరిగిన ఘటనలను పరిశీలింపవలెను.

బసవేశ్వరుడు ఒక ప్రసిద్ధ వచనమున అంతరంగ బహిరంగ శుద్ధికి ఏడు నియమములను ఉపదేశించెను. వానిలో రెండవది చంపరాదనుట, నాల్గవది కోపింపరాదనుట. ఈ రెంటిని కలిపి చూచినగాని శరణుల యుద్ధనీతి బోధపడదు.

కన్నడ పరంపర ప్రకారము, చర్మకారుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున జన్మించిన మధువరసుని కుమార్తెకు వివాహమయ్యెను. అందుకు ఆగ్రహించిన బిజ్జలుడు తండ్రులిద్దరిని ఏనుగు కాలికి కట్టి ఈడ్పించెను. అప్పుడు శరణుల యెదుట మూడు మార్గములు నిలిచెను.

మొదటిది బసవేశ్వరుని మార్గము. ఆయన పదవిని, భాండాగారమును త్యజించి కూడలసంగమమునకు మరలెను. అధర్మమునకు తన సేవను నిరాకరించుటయే ఆయన చేసిన ప్రతిఘటనము.

రెండవది జగదేవుని మార్గము. బిజ్జలుని మరణమును గూర్చిన కథనములు ఏకరీతిగ లేవు. జైన కథనము వేరు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున జగదేవాదులు చేసిన వధను శివద్రోహికి దండనగా వర్ణించెను. వారి భక్తి సందేహింపరానిది. అయినను ఆ వధ మృతులను బ్రదికింపలేదు. శేషించిన శరణులను రక్షింపలేదు. రాజసైన్యము వారిని తరుమసాగెను.

మూడవది మడివాళు మాచయ్య మార్గము. చెన్నబసవేశ్వరునితో స్త్రీలు, బాలురు, వృద్ధులు వచనముల తాళపత్రములతో ఉళవి దిక్కునకు సాగుచుండగా, బట్టలుతుకు ఆ కాయకజీవి వెనుక నిలిచి సైన్యము నెదిరించెనని పరంపర చెప్పుచున్నది. ఆయన సింహాసనము కోరలేదు. పారిపోవుటకు దారియున్నంతవరకు నడచి, దారి మూసినచోటనే పోరెను.

జగదేవుని కత్తి జరిగిన అన్యాయమునకు ప్రతీకారము. మాచయ్య కత్తి జరుగబోవు అన్యాయమునకు అడ్డుగోడ. రెండును ఖడ్గములే, కాని ధర్మమొకటి కాదు.

కావున పోరునకు ముందు శరణుడు తన్ను తాను నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఎవరిని రక్షించుటకు ఈ పోరు? వేరు మార్గములన్నియు ముగిసినవా? నా హృదయమున కోపము తొలగినదా? ఆపద తీరిన క్షణమున ఆయుధము దింపగలనా? వీనిలో మూడవదానికి ఇతరులు సమాధానము చెప్పజాలరు. ఇష్టలింగము నెదుట తానే చెప్పుకొనవలెను.

నాల్గింటను నిలిచిన పోరు సైతము ఉత్సవము కాదు. దయయే ధర్మమునకు మూలమని నమ్మినవాడు, తప్పనిసరియై చంపిన శత్రువుకొరకును కన్నీరు విడువవలెను.